మాట రాని బిడ్డకు ఇంటి భాషను మాన్పింతురా?

కర్ణాటకమున మూడు తరములుగా స్థిరపడిన యొక తెలుగు కుటుంబపు ఇల్లాలు ఇటీవల మా కార్యాలయమునకు వచ్చి తన కుమారుని సంగతి చెప్పినది. ఆ బాలునికి మూడున్నర యేండ్లు నిండినను స్పష్టమైన మాట యొక్కటియు రాలేదు. వినికిడి బాగున్నది. చెప్పినదెల్ల గ్రహించును. అవ్వ కండ్లజోడు తెమ్మనిన తెచ్చి యిచ్చును. అవ్వ కథ చెప్పుచు ఒక ఘట్టమును విడిచినచో చేయి పట్టుకొని యాపును. తానును ఏదియో చెప్పబోవును, పెదవులు తడబడును, ఒకమారు వచ్చిన ధ్వని మరియొకమారు రాదు, తుదకు కోపమాపుకొనలేక నేలపై పడి యేడ్చును.

తల్లిదండ్రులు వానిని పట్టణమునందలి యొక వైద్యశాలకు గొనిపోయిరి. అచ్చట పరీక్షించి, ఇది అప్రాక్సియా యను లోపమని చెప్పిరి. ఆ నిర్ణయము సరియైనదే. అందు మాకు తగవు లేదు. కాని దాని వెంట నొక సలహా యిచ్చిరి. "ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, ఇన్ని భాషలతో పిల్లవాడు గందరగోళపడుచున్నాడు. నేటినుండి ఇంట ఇంగ్లీషు మాత్రమే మాటలాడుడు" అనిరి.

ఆ కుటుంబము భయపడి ఆ మాటను శిరసావహించినది. తల్లికి వచ్చిన ఇంగ్లీషు కార్యాలయపు ఇంగ్లీషు. తండ్రికి వచ్చినది అంగడికి సరిపోవునంత. అవ్వకు ఒక్క ముక్కయు రాదు. "నా మాట వానికి చెరుపంట, నేనెందుకు మాట్లాడేది?" అని యామె మనుమని యెదుట నోరు మూసికొన్నది. కథలు నిలిచిపోయినవి. అన్నము తినిపించునపుడు పాడు పాటలు నిలిచిపోయినవి. మాటలాడలేనివారు ఆ యింటిలో ఒక్కరుండగా ఇద్దరైరి. దీనిని చికిత్స యందుమా?

ఇది ఒక్క యింటి కథ యైనచో మేమింతగా వ్రాయము. తమిళనాడు నుండియు ఒడిశా నుండియు మహారాష్ట్రము నుండియు మన సభ్యులు కొందరు ఇట్టి సలహానే పొందితిమని వ్రాసియున్నారు. ఒకచోట తమిళము మాత్రమే యనిరి, ఒకచోట ఒడియా, ఒకచోట మరాఠీ, పెక్కుచోట్ల ఇంగ్లీషు. మిగులవలసిన భాష యేది యనునది ఊరూరికి మారుచున్నది గాని, విడువవలసిన భాష మాత్రము ఎల్లయెడల తెలుగే! శాస్త్రము చెప్పిన తీర్పు ఇట్లు ఊరిని బట్టి మారునా? ఇది శాస్త్రము కాదనియు, అలవాటు పడిన యభిప్రాయమనియు మా వాదము.

వాదమునకు ముందు ఈ లోపమెట్టిదో పాఠకులు తెలిసికొనుట యవసరము. మాట పలుకవలెననిన నాలుక, పెదవులు, దవడ, అంగిలి, కంఠము, ఊపిరి ఇవియన్నియు రెప్పపాటులో ఒకదాని వెంట నొకటి వరుస తప్పక కదలవలెను. ఆ వరుసను మెదడు ముందుగా కూర్చి కండరములకు పంపును. అప్రాక్సియా గల బిడ్డకు కండరములలో బలహీనత లేదు. చెప్పదలచినది మనస్సులో నున్నది. ఈ రెంటి నడుమ జరుగవలసిన కూర్పు మాత్రము కుదురదు. అమెరికాలోని వాక్, భాషా, శ్రవణ నిపుణుల సంఘము 2007లో ప్రకటించిన నివేదికలో దీనికి మూడు లక్షణములు చెప్పబడినవి. ఒకే మాటను మరల మరల పలికించినపుడు అచ్చులును హల్లులును ఒక్కొక్కమారు ఒక్కొక్క విధముగా తప్పుట మొదటిది. ఒక ధ్వని నుండి వేరొక ధ్వనికి పోవుటలో జాగును తెగుదలయు రెండవది. మాటలోని ఊనికయు స్వరమును అసహజముగా నుండుట మూడవది. 'పాలు' అనవలసిన బిడ్డ ఒకమారు 'బాలు' అనును, ఒకమారు 'తావు' అనును, మూడవమారు 'ఆ' అని యూరకుండును. వేయిమంది పిల్లలలో ఒకరికో యిద్దరికో ఇది యుండునని అంచనా.

ఇది యెందువలన వచ్చును? చాలమంది పిల్లలలో కారణము తేలదు. కొందరిలో జన్యులోపము కనబడినది. లండనులోని యొక కుటుంబమున మూడు తరములలో ఇంచుమించు సగము మందికి ఇట్టి మాటల చిక్కు ఉండెను. వారిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2001లో ఫాక్స్‌పి2 అను జన్యువునందు లోపమును కనుగొనిరి. తల్లి జోల పాడిన భాష జన్యువును చెరుపదు. అవ్వ కథ చెప్పిన భాష మెదడులోని కూర్పును విడదీయదు. రోగమునకు కారణము కానిదానిని మాన్పించి రోగము కుదుర్తుమనుట యెట్టి వైద్యము?

"కారణము కాకపోవచ్చును, కాని రెండు భాషలు మోయుట బలహీనునికి భారము గదా" యని కొందరనుదురు. వినుటకు ఇది న్యాయముగానే తోచును. కాని పరీక్షకు నిలుచుట లేదు. కెనడాలో ఫ్రెంచి, ఇంగ్లీషు రెండును నేర్చుచు భాషాభివృద్ధిలో లోపము గల పిల్లలను, ఒకే భాష నేర్చుచు అదే లోపము గల పిల్లలతో పోల్చి 2003లో ఫలితములు ప్రకటించిరి. రెండు భాషల పిల్లలు వెనుకబడి యుండలేదు. డౌన్ సిండ్రోము గల పిల్లల విషయమునను 2005లో అట్లే తేలినది. ఆ లోపములు వేరు, అప్రాక్సియా వేరు అనవచ్చును. నిజమే. కాని ఒక కుటుంబమును తన భాష విడువుమనువారు అందుకు తగిన ఆధారము తామే చూపవలెను గదా! మందు వ్రాయు వైద్యుడు ఆ మందు గుణమును చెప్పవలెను. తినువాడు దాని దోషమును నిరూపింపవలెననుట తగునా?

ఇక చికిత్స జరుగు తీరును చూచిన, ఇంటి భాష యెంత యక్కరయో తేటపడును. జనులు స్పీచ్ థెరపీ యనుచున్న ఈ మాటల చికిత్స ఉపన్యాసము కాదు, వ్యాయామము. చికిత్సకురాలు బిడ్డ కెదురుగా కూర్చుండి, తన ముఖమును చూడుమని, మాటను బిడ్డతో గలిసి మెల్లగా పలుకును. అవసరమైనచో పెదవులను వ్రేలితో తాకి దారి చూపును. పిదప స్వరము లేక నోరు మాత్రము కదపును. ఆ పిదప తాను ముందు పలికి బిడ్డచే అనిపించును. క్రమక్రమముగా ఆసరాను తీసివేయును. కొద్ది మాటలు, పెక్కు పర్యాయములు: ఇదియే సూత్రము. వారమునకొకమారు గంటసేపు కూర్చుండుటకంటె, కొద్దిసేపైనను వారమునకు మూడు నాలుగు మారులు జరుగుట మేలు. మిగిలిన సాధన యింటిలోనే జరుగవలెను. ఆ యింటిలో దినమెల్ల బిడ్డ వెంట నుండువా రెవరు? తల్లి, అవ్వ, తాత. వారి నోట సహజముగా వెలువడు భాష యేది? తెలుగు. ఆ భాషను మూసివేసిన, దినమునకు నూరుమారులు జరుగవలసిన సాధన పదిమారులైనను జరుగదు.

పైగా ఈ పనికి మన తెలుగు ఎంత యనుకూలమైన భాషయో చూడుడు. 'రా', 'పో', 'తే', 'లే': ఒక్క హల్లును ఒక్క అచ్చును గూర్చిన క్రియలు. బిడ్డ 'రా' అనిన అవ్వ వచ్చును. 'తే' అనిన బొమ్మ వచ్చును. ఒక్క అక్షరము పలికిన లోకము కదలును. అంతకంటె బిడ్డకు వేరు ప్రోత్సాహమేల? 'మామ', 'తాత', 'పాప', 'అమ్మ', 'అత్త', 'అవ్వ': చుట్టరికపు పేళ్లన్నియు అక్షరమును మరల మరల పలికించు పాఠములే. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగియును గనుక తుది హల్లు యొక్క చిక్కు ఆరంభమున రాదు. 'మా' అనుట ఒకమారు కుదిరెనా, అది తెలుగు 'మామ'కును పనికివచ్చును, కన్నడమునకును పనికివచ్చును, ఇంగ్లీషునకును పనికివచ్చును. నోటి నేర్పునకు పొలిమేరలు లేవు.

పరీక్షవేళ గూడ ఇదియే సంగతి. ఒకే మాటను బిడ్డ పలుమారులు ఎట్లు పలుకునో చూడవలెననిన, ఆ బిడ్డ యెరిగిన మాటను అడుగవలెను. తెలుగింటి బిడ్డను వానికి రాని భాషలో అడిగి, పలుకలేదని వ్రాసికొనుట పరీక్ష కాదు. మరియొక ప్రమాదమును గలదు. హోసూరు తెలుగు వేరు, బరంపురపు తెలుగు వేరు, సోలాపురపు నేతవారి తెలుగు వేరు. పొరుగు భాషల పలుకుబడి మన తరతరముల మాటలో కలిసినది. హైదరాబాదు పుస్తకపు తెలుగును ప్రమాణముగా బెట్టుకొని మన యూరి యాసను దోషముగా లెక్కించుటయు అన్యాయమే. తెలుగు తెలిసినవారు సైతము బిడ్డ యింటివారు ఎట్లు పలుకుదురో ముందు వినవలెను.

ఇచ్చట నొక మాట స్పష్టముగా చెప్పుట మా విధి. మేము కన్నడమునకు గాని, తమిళమునకు గాని, ఒడియాకు గాని, మరాఠీకి గాని శత్రువులము కాము. ఆ భాషలు మనకు అన్నము పెట్టినవి. మన బిడ్డలు వానిని నేర్వవలెను, చక్కగా నేర్వవలెను. తెలుగు వచ్చిన చికిత్సకులు దొరకు వరకు వేచియుందమని యెవ్వరును తలపరాదు. మీ యూరిలో తమిళము మాత్రము తెలిసిన చికిత్సకురాలున్నచో రేపే ఆమె యొద్దకు పొండు. మూడవ యేట పోగొట్టుకొన్న కాలము ఏడవ యేట తిరిగి రాదు. మేము వలదనునది పరభాషా చికిత్సను కాదు, స్వభాషా నిషేధమును.

ఇంతవరకు ఇతరులను అన్నాము. ఇక మన తప్పులను గూడ చెప్పుకొందము. అట్లు చెప్పనిచో మా వాదమునకు నిజాయితీ యుండదు.

మనయింట బిడ్డకు మాట రానిచో మొదట చేయునదేమి? వస యరగదీసి నాకింతుము. "వాని తండ్రికిని అయిదేండ్లకు గాని మాటలు రాలేదు" అని యూరడిల్లుదుము. నాలుక క్రింది తీగను కోయించిన మాటలు వచ్చునని యెవరో చెప్పగా కోయింతుము. ఆ తీగ వలన అప్రాక్సియా రాదు, దానిని కోసిన అది పోదు. ఈలలూది, దీపములార్పి, బూరలు నింపిన నోరు తిరుగునని నమ్ముదుము. ఊదుట వలన ఊదుట వచ్చును. మాట పలుకుట వలననే మాట వచ్చును. మొక్కులు మ్రొక్కుకొనుడు, మేము వలదనము. కాని మొక్కు తీర్చువరకు పరీక్షను వాయిదా వేయవలదు. రెండేండ్లకు రెండు మాటలు కలుపలేని బిడ్డను ఆ వారమే చూపింపుడు. వినికిడి పరీక్ష మొదట చేయింపుడు.

ఇంకొక తప్పు ఇంతకంటె పెద్దది. అక్క పెండ్లికి అడ్డు వచ్చునని తమ్ముని లోపమును దాచు కుటుంబములను మేమెరుగుదుము. చుట్టములు వచ్చినపుడు బిడ్డను లోపలి గదికి పంపుదురు. బొమ్మలు చూపియో, సైగ చేసియో తన కోరికను తెలుపుకొనుట నేర్పుడని చికిత్సకులు చెప్పిన, "మూగవాడని ముద్ర పడును" అని నిరాకరింతురు. సైగ చేయు బిడ్డ మాట మానునన్నది అపోహ. సైగ వలన కోపము తగ్గును. కోపము తగ్గిన బిడ్డయే సాధనకు కూర్చుండును. లోపము గలిగియుండుట సిగ్గు కాదు. దాచి కాలము పోగొట్టుట సిగ్గు.

మరియు, ఆ వైద్యశాలవారు ఇంగ్లీషు మాత్రమే మాటలాడుడనగానే మనవారిలో కొందరు లోలోపల సంతోషించిరి గదా! తామెన్నడో చేయదలచిన దానికి వైద్యుని ముద్ర దొరికినది. ఇంటి భాషను మనమే తక్కువగా చూచినంతకాలము, దానిని విడువుమనుటకు ఇతరులకు జంకెందులకు?

ఇక ప్రభుత్వముల కర్తవ్యము. 1956లో రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణము వలన 350ఎ అను అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని అది ప్రతి రాష్ట్రమునకు చెప్పుచున్నది. బడిలో పలక పట్టు బిడ్డను రాజ్యాంగము తలచినది. ఆ పలక వరకు చేరలేని బిడ్డను, మాటయే రాని బిడ్డను ఎవరు తలతురు? అక్షరమునకు మాతృభాష యక్కరయైనచో, అక్షరమునకు ముందుండు ధ్వనికి అక్కర కాదా? ఈ అధికరణము విద్యకే గాని వైద్యమునకు చెందదని అధికారులు చెప్పవచ్చును. అక్షరార్థమున అది నిజము. అందుచేతనే మేము హక్కు ఉన్నదని గాక, హక్కు ఉండవలెనని వాదించుచున్నాము.

ఉన్న సాధనములును తక్కువ కావు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్వాడీలకు ఏటికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారు పోయి పిల్లలను పరీక్షింపవలెను. వారు చూడవలసిన లోపములలో భాష ఆలస్యమగుటయు నొకటి. లోపము కనబడిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. అచ్చట సేవ ఉచితము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొన్నది. వాక్కునకు భాషకు చెందిన వైకల్యము వానిలో నున్నది. మాటలాడలేని పిల్లలు ఇతర విధములుగా తమ భావమును తెలుపుకొను పద్ధతులను ప్రోత్సహింపవలెనని ఆ చట్టములోని 17వ విభాగము చెప్పుచున్నది. మైసూరులో 1965లో నెలకొల్పబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మన కర్ణాటక సోదరులకు దూరము కాదు. చట్టమున్నది, సంస్థ యున్నది, పథకమున్నది. పరీక్షించు పత్రములో మన బిడ్డ భాషకు ఒక గడి లేదు.

కావున మేము కోరునవి ఇవి. ఒకటి: తెలుగువారు ఎక్కువగా నున్న సరిహద్దు జిల్లాల కేంద్రములలో తెలుగు తెలిసిన చికిత్సకుని నియమింపవలెను; అట్టివారు దొరకనిచో తెలుగు రాష్ట్రముల చికిత్సకులచే వీడియో ద్వారా పరీక్షయు సలహాయు ఇప్పింపవలెను. రెండు: పరీక్షకు ముందు ఇంటి భాష యేదో అడిగి వ్రాసికొనవలెను, ఆ భాషలోని మాటలతోనే బిడ్డను పరీక్షింపవలెను. మూడు: ఇంటి భాషను మానుడను సలహాను ఆరోగ్యశాఖలు తమ కేంద్రములలో నిలుపుచేయవలెను.

మన సంఘములు చేయవలసిన పనియు గలదు; దానికి ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కరలేదు. ప్రతి శాఖయు తన యూరిలో తెలుగు తెలిసిన చికిత్సకుల పేర్లను సేకరించి నోటీసు పలకపై వ్రాయవలెను. బిడ్డ నిత్యము వాడు నలుబది తెలుగు మాటలను బొమ్మలతో అట్టలపై వ్రాయించి, అడిగిన కుటుంబమున కీయవలెను. తెలుగు రాని చికిత్సకురాలి యొద్దకు పోవు తల్లికి తోడుగా, రెండు భాషలెరిగిన యువకుడొకడు పోవలెను. వార్షికోత్సవమున శాలువలు కప్పుటకు వెచ్చించు ధనములో కొంత ఈ పనికి చాలును.

మొదట చెప్పిన బాలుని సంగతి ముగించి సెలవు తీసికొందుము. ఆరుమాసములు ఇంట ఇంగ్లీషు నడచినది. బిడ్డ నోట మాట రాలేదు సరికదా, సైగలును తగ్గినవి. అప్పుడు వారు వేరొక చికిత్సకురాలి యొద్దకు పోయిరి. ఆమె కన్నడిగ, తెలుగు రాదు. ఆమె మొదట అడిగిన ప్రశ్న: "ఈ బిడ్డతో ఎక్కువసేపు ఉండు వారెవరు?" అవ్వ యని చెప్పగా, "మరునాడు ఆమెను తీసికొనిరండు" అనినది. అవ్వను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బిడ్డకు కావలసిన పది తెలుగు మాటలను కన్నడ లిపిలో వ్రాసికొన్నది. తాను పలుకుచు, తప్పినచోట అవ్వచే దిద్దించుకొన్నది. అవ్వకు ఇంటిలో చేయవలసిన సాధనను నేర్పినది. ఏడాది గడచినది. నేడు ఆ బాలుని కైదేండ్లు. వానికి వినువారు గ్రహింపగల మాటలు ముప్పదికి మించలేదు. ఇంకను చాల దూరము పోవలెను. ఎంతవరకు పోవునో యెవరును మాట యీయలేరు. కాని ఆ ముప్పదిలో మొదట వచ్చినది 'రా'. అది అవ్వను పిలిచిన పిలుపు.

భాష తెలియని ఆ కన్నడ సోదరి చేసినది కష్టమైన పని కాదు. అడిగినది, విన్నది, వ్రాసికొన్నది. అన్ని కేంద్రములలోను అంత మాత్రము జరుగవలెనని మేము కోరుచున్నాము. అది జరుగువరకు ఈ పత్రికలో ఈ విషయమును విడువము. ఇట్టి సలహా పొందిన కుటుంబములు తమ యనుభవమును మాకు వ్రాయుదురు గాక. ఈలోగా, తెలుగు తల్లులారా, అవ్వలారా, మీ బిడ్డతో మాటలాడుడు. మీ మాట వానికి చెరుపు కాదు.